తీలో! అనగా రక్తానికి రక్తం

దిండు గలీబుకి సబ్బు పట్టించి, బండ మీద పరిచి, బ్రష్షుతో రుద్దుతూ నేనొక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను. అడవి మనుషులకి ఈ లోకంలో నిజంగా మేలు చేసినవాళ్ళెవరైనా ఉన్నారంటే, వాళ్ళు చారిత్రక సీరియళ్ళు రాసేవాళ్ళే!

కాదనేవాళ్ళుంటే ముందుకి రండి. వచ్చేటప్పుడు ఇంకో బ్రష్షు కూడా పట్టుకురండి. ఈ గోధుమరంగు ఒక చేతికి లొంగేది కాదు.

రంగు మా బాబాయి మొహానిది. రోజూ సాయంత్రం వచ్చే రాజుల సీరియల్లో ఆయన అడవి మనిషి వేషం వేస్తాడు. ముందు వరసలో అడవి మనిషి కాదు, వెనకాల, పొదకి ఎడంపక్క. షూటింగు అయ్యాక ఎంత కడిగినా చెవుల వెనక కొంత మిగిలిపోతుంది. అది దిండెక్కుతుంది. తెల్లారేసరికి నా చేతికొస్తుంది.

ఇందులో ఒక విశేషముంది. మా బాబాయి నిజంగానే అడవి మనిషి. నానమ్మ, బాబాయి, నేను, ముగ్గురమూ కొండల మీద పుట్టినవాళ్ళమే. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటున్నాం. అడవి మనుషులు మూడో అంతస్తులో ఉంటారా అని ఆశ్చర్యపోకండి. లిఫ్టు పనిచేయదు. ఎక్కడం అలవాటున్నవాళ్ళని చూసి ఇచ్చారు.

మరి పుట్టుకతోనే అడవి మనిషైనవాడికి రంగెందుకు? మంచి ప్రశ్న. మొదటిరోజు మేకప్‌మాన్ మా బాబాయిని పైనుంచి కిందికి చూసి, "నువ్వు అడవి మనిషివేంటయ్యా? పోస్టాఫీసులో స్టాంపులమ్మేవాడిలా ఉన్నావు!" అన్నాడట.

"నిజంగా మేం అడవివాళ్ళమే సార్."

"నిజం సంగతి ఎవడడిగాడు తమ్ముడూ? కెమెరా నమ్మాలి కదా!"

అలా మా బాబాయి రంగు మీద, మా బాబాయి రంగు కంటే అసలైన రంగు పూశారు. తలకి ఎర్రద్దకం వేసిన కోడి ఈకలు కట్టారు. "మావాళ్ళు ఈకలు పెట్టుకోరు సార్" అని ఆయన మెల్లగా అన్నాడు. "మీవాళ్ళు పెట్టుకోకపోతే మానె. ప్రేక్షకులు పెట్టుకోమంటున్నారు" అని జవాబు. మెడలో ప్లాస్టిక్ ఎముకలు వేశారు. వాటికి తయారీ కంపెనీ స్టిక్కరు కూడా ఉంది. అది వీపువైపుకి తిప్పుకోమన్నారు. చరిత్ర మీద ఎంత శ్రద్ధో చూశారా!

అసలు మా గురించి మాకేం తెలుసు చెప్పండి? మేం పెళ్ళికీ, చావుకీ, వానకీ, యుద్ధానికీ ఒకటే మంట చుట్టూ ఒకటే గంతు వేసేవాళ్ళమని ఈ సీరియల్ చూసేదాకా మా నానమ్మకే తెలీదు. ఎంత పొదుపు! సందర్భానికో అడుగు నేర్చుకుంటూ కూర్చునే మిగతా జనాలు మమ్మల్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి.

మాటల విషయంలోనూ అంతే. పాపం రాజుగారి వేషం వేసేవాడు పొద్దున్నుంచీ కాగితాలు పట్టుకుని గోడకి చెప్పుకుంటూ ఉంటాడు. "ఓయీ వనచరా, ఈ నది లోతెంతయో, ఆవలి ఒడ్డున శత్రువులెందరో, మాకు విన్నవింపుము!" అని ఊపిరి బిగబట్టి చెప్పాలి. మా బాబాయి "హుర్ర్" అంటే చాలు. నది లోతూ తెలిసిపోతుంది, శత్రువుల లెక్కా తెలిసిపోతుంది! ఇంత తక్కువ అక్షరాల్లో ఇంత సమాచారం పంపే జనం భూమ్మీద ఇంకెక్కడైనా ఉన్నారా?

ఆ తర్వాత మా బాబాయి రాజుగారికి దారి చూపిస్తాడు. దారి చూపించాక అడవి మనిషితో కథకి ఇంకేం పని? అందుకని రాజుగారికి అడ్డంపడి బాణం దెబ్బ తిని చచ్చిపోతాడు. కాసేపటికి మీసం మార్చుకుని మళ్ళీ చస్తాడు. "చచ్చినవాళ్ళందరూ టీ తాగి రండి!" అని డైరెక్టరుగారు మైకులో కేకేస్తాడు. బతికున్నవాళ్ళకి టీ తర్వాత. ఈ గౌరవం ఇంకే ఉద్యోగంలో ఉంది?

నాకూ ఒకసారి అవకాశమొచ్చింది. ఏడ్చే ఆడమనిషి కావాలంటే బాబాయి నన్ను తీసుకెళ్ళాడు. నా ముందు ఒక శవాన్ని పడుకోబెట్టారు. శవానికి గురక. అయినా నేను మా ఇంటి కష్టాలన్నీ తలుచుకుని ఏడవడం మొదలుపెట్టాను.

"ఏమ్మా, మొదలుపెట్టవా?" అన్నాడు డైరెక్టరు.

"ఏడుస్తున్నాను సార్."

"వినపడట్లేదే! ఇది ఇంటి ఏడుపమ్మా. నాకు అడవి ఏడుపు కావాలి."

అడవి ఏడుపు నేర్పడానికి ఒకావిడని పిలిపించారు. ఆవిడ మామూలుగా ప్రకటనల్లో తలనొప్పి అభినయిస్తుంది. చేతులు ఆకాశానికెత్తి, జుట్టు ముందుకీ వెనక్కీ విసిరి ఆవిడ చూపించిన ఏడుపుకి శవం ఉలిక్కిపడి లేచి కూర్చుంది. అప్పుడర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ మావాళ్ళు ఎంత తప్పుగా ఏడుస్తున్నారో!

ఇవన్నీ చిన్న మేళ్ళు. ఇక పెద్దదానికి వస్తాను.

మా భాషలో తీలో అనే మాటుంది. ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అనే మాట. 'వెళ్ళొస్తా' అని అర్థం. గట్టిగా అనరు. పక్కన చంటిపిల్ల నిద్రపోతుంటే లేవకూడదు, అంత నెమ్మదిగా అంటారు. దానికి లోపలున్నవాళ్ళు చెప్పే జవాబు ఇంకొకటుంది. 'రా, నువ్వొచ్చేదాకా పొయ్యి ఆర్పను' అని దాని అర్థం. ఆ జవాబు మాటేంటో మాత్రం ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మాది గ్యాస్ స్టవ్వే. నానమ్మ 'పొయ్యి ఆర్పను' అని మాటిచ్చి, వెంటనే స్టవ్ కట్టేస్తుంది. అది వేరే సంగతి.

నానమ్మకి వినికిడి బాగా తగ్గింది. కుక్కరు కూతలు వినపడవు. తలుపు బాదినా వినపడదు. ఎదురుగా నిలబడి గట్టిగా అంటేనే ఏదైనా అందుతుంది. బాబాయి గొణిగే తీలో మాత్రం వంటింట్లో కుళాయి మోతలోంచి కూడా వినపడుతుంది. అది వినపడితేనే ఆవిడకి తెల్లారినట్టు. ఒకసారి బాబాయి బస్సు హడావిడిలో చెప్పడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆవిడ గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఆయన తిరిగొచ్చేదాకా లేవలేదు. మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

"ఆఫీసుకెళ్ళినట్టే వెళ్ళాడు కదా నానమ్మా, వస్తాడు" అన్నాను.

"చెప్పకుండా వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టా, పోయినట్టా? ఎలా తెలుస్తుందే?" అంది.

మా తాతయ్య ఒకరోజు అలాగే చెప్పకుండా వెళ్ళాడట. ఆ తర్వాతి సంగతి ఆవిడ చెప్పదు. మేమడగం.

సరే, ఎక్కడో ఉన్నాను. మేలు!

బాబాయి ఒక్క డైలాగు కోసం మాటల రచయిత చుట్టూ ఎన్నాళ్ళనుంచో తిరుగుతున్నాడు. ఒకరోజు టీ బల్ల దగ్గర ఆయనే పిలిచాడు.

"ఏమయ్యా పొద ఎడంపక్క! నువ్వు నిజంగానే అడవి మనిషివటగా?"

"అవును సార్."

"ముందే చెప్పద్దూ! రేపు యుద్ధం. మీవాళ్ళ మాటొకటి పడెయ్. యుద్ధానికి బయల్దేరేటప్పుడు మీరేమంటారు?"

బాబాయి బుర్ర గోక్కున్నాడు. ఈకలు అడ్డమొచ్చాయి. "యుద్ధం సంగతి తెలీదు సార్. ఎక్కడికి బయల్దేరినా మేం తీలో అంటాం."

"తీలో... తీలో... తీఈఈలోఓఓ! అబ్బ! చేతి మీద వెంట్రుకలు చూడు, ఎలా లేచాయో! అర్థమేంటి?"

"వెళ్ళొస్తా అని సార్."

రచయితగారి మొహం పాలు విరిగినట్టయింది. "అంతేనా?" అన్నాడు. కాసేపు టీ కప్పులోకి చూసి, ఆయనే బాబాయి భుజం తట్టాడు. "పర్లేదులే. శబ్దం నువ్విచ్చావు. అర్థం నేను చూసుకుంటాను."

ఎంత పెద్దమనసో గమనించారా? ఇంతకుముందు మాకు శబ్దమూ ఆయనే పెట్టాడు, అర్థమూ ఆయనే పెట్టాడు. ఈసారి సగం బరువు మాకిచ్చాడు!

బాబాయి ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "అమ్మా, డైలాగొచ్చింది!"

"ఏం డైలాగురా?"

"తీలో!"

"అది డైలాగేంట్రా? రోజూ అనేదేగా?" అంది నానమ్మ. అయినా చుట్టుపక్కల వాటాలన్నింటికీ వెళ్ళి, మావాడు టీవీలో మాట్లాడతాడని చెప్పి వచ్చింది.

ఆ సీను టీవీలో వచ్చే సాయంత్రం అందరికంటే ముందే టీవీ ముందు కూర్చున్నాం. అడవి నాయకుడి వేషం వేసే హీరో కొండరాయెక్కాడు. ఒళ్ళంతా నూనె. అంత మెరిసేది మా కొండల్లో తేనె తప్ప ఇంకేమీ లేదు. ఆయన బల్లెం పైకెత్తి, కడుపులోంచి, "తీఈఈలోఓఓ!" అని అరిచాడు. కింద తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి: రక్తానికి రక్తం!

నానమ్మకి చదవడం రాదు. చేతిలో కంచం కిందపెట్టి, హీరోకి మర్యాదగా మా జవాబు చెప్పింది.

వెంటనే పొదల్లోంచి దండంతా లేచింది. ఒక్కొక్కడూ కెమెరా వైపు దూకుతూ, తీలో అని అరుస్తూ పోతున్నాడు. నానమ్మ ఒక్కొక్కడికీ జవాబు చెబుతోంది. ఒకడికి చెప్పి ఇంకొకడికి చెప్పకపోతే బాగుంటుందా? దండు పెద్దది. ఆవిడకి ఆయాసమొచ్చింది. బాబాయి వంతు వచ్చేసరికి, వేలు చూపించి, ఆ జవాబు కాస్త గట్టిగా చెప్పి, తృప్తిగా వెనక్కి వాలింది.

ప్రకటనలయ్యాక అందరూ చచ్చిపోయారు.

"ఏమే, వస్తామన్నవాళ్ళు ఒక్కళ్ళూ రాలేదేంటే?"

"అది కథ నానమ్మా."

"కథైతే మాత్రం? చెప్పి మరీ వెళ్ళారు కదా!"

సరిగ్గా అప్పుడే బాబాయి షూటింగు నుంచి వచ్చాడు, చెవుల వెనక రంగుతో. నానమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంతమందిలో అన్న మాట నిలబెట్టుకున్నది నువ్వొక్కడివేరా" అంది.

మర్నాడు తీలో మా మెట్లు దిగి వీధిలో పడింది. ఇక చూసుకోండి! బస్సులో కండక్టరు రైట్ రైట్ అనడం మానేసి తీలో అంటున్నాడు. జిమ్ములో బరువెత్తేవాళ్ళు తీలో అంటున్నారు. ఎవరి జేబులో ఫోను మోగినా మా హీరో గొంతే. ఒక బిస్కెట్ కంపెనీవాళ్ళు 'ఆకలికి ఆకలి, తీలో!' అని గోడలకి కాగితాలంటించారు. మా కింది వాటాలో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే, ఆవిడ తీలో అని అరిచి గరిటె విసిరింది. అంటే, వెళ్ళొస్తానని చెప్పి మరీ గరిటె విసిరిందన్నమాట! ఇంత మర్యాదగల పోట్లాట మీరెక్కడైనా చూశారా? వీధి వీధంతా పిడికిళ్ళు బిగించి, వెళ్ళొస్తాం, వెళ్ళొస్తాం అని ఒకరినొకరు బెదిరించుకుంటోంది!

అందరికంటే ముందున్నవాడు రెండో అంతస్తులో ఉండే రిటైరైన హెడ్మాస్టరుగారు. ఆయన ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, నానమ్మకి ఆ మాట నేర్పాడు.

"అలా కాదు మామ్మగారూ. మీరు మరీ ముద్దగా పలుకుతున్నారు. 'తీ' దగ్గర పిడికిలి బిగించాలి. 'లో' కడుపులోంచి రావాలి. ఏదీ, ఇంకోసారి!"

"నాకు కడుపులో మంట హెడ్మాస్టరుగారూ" అంది నానమ్మ.

"అద్గదీ! ఆ మంటే కావాలి!"

ఇంత ఓపిగ్గా, ఉచితంగా, మా మాట మాకు నేర్పేవాళ్ళు దొరకడం మా అదృష్టం కాక మరేమిటి?

ఈ నేర్పడం షూటింగులోనూ మొదలైంది. బాబాయికి క్లోజప్ ఇస్తామన్నారు! పొద పక్కన కాదు, పొద ముందు. ఒక సైనికుడు తన తల్లి దగ్గర సెలవు తీసుకుంటాడు, తీలో అంటాడు, అంతే సీను. బాబాయి సంబరం చూడాలి మీరు. ఎన్నాళ్ళనుంచో నేర్చుకున్న సీను కదా! కెమెరా ముందు నిలబడి, తలుపు వైపు సగం తిరిగి, రోజూ అన్నట్టే అన్నాడు.

"కట్! సహజంగా లేదు" అన్నాడు డైరెక్టరు.

"ఇంట్లో మేమిలాగే అంటాం సార్."

"ఇంట్లో కాదు తమ్ముడూ, అడవిలో!"

అప్పట్నుంచి బాబాయికి సాధన. తలనొప్పావిడే నేర్పుతోంది. ఇంటికొచ్చి కూడా అద్దం ముందు పిడికిలి బిగించి అరుస్తున్నాడు. మొదట్లో నవ్వుకుంటూ అరిచేవాడు. తర్వాత్తర్వాత నవ్వు పోయింది, అరుపు మిగిలింది. ఒక పొద్దున గుమ్మంలో చెప్పులేసుకుంటూ మెల్లగా అనబోతే, గొంతు దానంతటదే పైకి లేచింది. నానమ్మ చేతిలో గిన్నె జారిపడింది.

"ఎవరితోరా పోట్లాట?"

"పోట్లాట కాదమ్మా... నీకే చెబుతున్నా."

ఆ గుమ్మం సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బాబాయి బయల్దేరే వేళకి మా మెట్ల మీద జనం పోగవుతారు. అసలు నటుడి నోట వినాలని! బాబాయి ఎంత నెమ్మదిగా అన్నా సరే, కిందినుంచి పైదాకా అందరూ ఒక్క గొంతుతో, "రక్తానికి రక్తం!" అంటారు. హెడ్మాస్టరుగారు గుండె పట్టుకుని మెట్ల మలుపులో చచ్చి పడిపోతాడు. కూరల సంచీలోంచి బంగాళదుంపలు దొర్లుకుంటూ గేటు దాకా పోతాయి. రోజూ ఇదే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయట కూడా. చూశారా, వైద్యపరంగా కూడా మేలే!

ఆ గోలలో నానమ్మకి కొడుకు మాట వినపడదు. అయినా అన్నాడన్న నమ్మకం మీద జవాబు చెబుతుంది. చెవుడు కదా, గట్టిగానే చెబుతుంది. మొన్న ఒకరోజు హెడ్మాస్టరుగారు చచ్చిపోయిన చోటునుంచే తల ఎత్తాడు.

"మామ్మగారూ, మీరేదో అన్నారు? సరిగ్గా వినపడలేదు. దానికి జవాబు కూడా ఉందా?"

నానమ్మకి ప్రశ్న వినపడలేదు. నేను తలుపేశాను.

హెడ్మాస్టరుగారు ఊరుకునే మనిషా? సీరియల్ కింద 'మీ సలహాలు తెలపండి' అని ఒక నంబరు నడుస్తుంటుంది కదా, దానికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రమే మాటల రచయిత బాబాయికి ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, ఫోను బాబాయి చెవి దగ్గరున్నా నాకే కాక పక్క వాటాకి కూడా వినపడుతుంది.

"ఏమయ్యా, ఇంత పెద్ద సంగతి దాస్తావా! దానికి జవాబు ఉందటగా? తల్లి పాత్రకి సరిగ్గా సరిపోతుంది. రేపు ఆ మాట పట్టుకురా, క్లోజప్ నీదే!"

బాబాయి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"అర్థం అక్కర్లేదయ్యా, శబ్దం చాలు! అర్థం నేను చూసుకుంటాను."

బాబాయి వంటింట్లోకి చూశాడు. నానమ్మ స్టవ్ తుడుస్తోంది.

"అలాంటిదేం లేదు సార్" అన్నాడు. "మావాళ్ళు జవాబు చెప్పరు."

"మీ మెట్ల మీద రోజూ వినపడుతోందట!"

"మా అమ్మకి దగ్గు సార్."

పాఠకులారా, ఇంత గొప్ప అవకాశాన్ని చేతులారా వదులుకునేవాళ్ళని ఏమనాలి? ఆ మాట ఇచ్చి ఉంటే ఈపాటికి అది కూడా బస్సులెక్కేది, జిమ్ములో బరువులెత్తేది, బిస్కెట్టు పొట్లాం మీద నవ్వుతూ ఉండేది. కింది వాటాలో ఆవిడ గరిటె విసిరితే, ఆయన మా జవాబు చెప్పి మూత విసిరేవాడు. అభివృద్ధి అంటే భయపడే మనుషులతో ఇదే చిక్కు! నేను సీరియల్ పక్షమే. ఇప్పటికీ చెబుతున్నాను, వాళ్ళు చేసిన మేలు మరువలేం. అందుకే ఈ వ్యాసంలో నేను మీకు ఆ జవాబు అర్థం చెప్పాను, శబ్దం చెప్పలేదు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతే, కాస్త తిరగేశాను.

ఈ పొద్దున నేను గలీబు రుద్దడం మొదలుపెట్టేసరికి బాబాయి తయారయ్యాడు. క్లోజప్ పోయింది. మళ్ళీ పొద ఎడంపక్కే. మెట్ల మీద గుసగుసలు వినపడుతున్నాయి. హెడ్మాస్టరుగారు ఈసారి ఫోను పైకెత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, రికార్డు చెయ్యడానికి. కూరల సంచీ గోడకి ఆనించి పెట్టాడు.

నానమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, చెవి ఇటువైపు పెట్టి నిలబడింది. పెదాలు అప్పుడే జవాబుకి సిద్ధమయ్యాయి.

బాబాయి చెప్పులేసుకున్నాడు. లేచాడు. తల్లిని చూశాడు, తలుపు సందులోంచి ఫోను వెలుగు చూశాడు. ఒకసారి నోరు తెరిచాడు. మెట్ల మీద అందరూ ఊపిరి బిగబట్టారు.

నోరు మూసుకుని, ఒక్క మాటైనా లేకుండా, వాళ్ళ మధ్యలోంచి దిగి వెళ్ళిపోయాడు.

 నానమ్మ గోడవారగా ఉన్న పీట తీసుకుని, గుమ్మం దగ్గరికి నడిచింది.